మూయని కొటేషన్

ఫోన్ మోగినప్పుడు ఆమె బఠాణీలు ఒలుస్తోంది. వంటగది గట్టు మీద ఒక పక్క తొక్కల కుప్ప, ఒక పక్క గిన్నె, మధ్యలో పొద్దున్నుంచీ తాగుదాం తాగుదాం అనుకుంటూనే చల్లారిపోయిన కాఫీ. తెర మీద భర్త పేరు చూడగానే సంగతి అర్థమైపోయింది. పనివేళల్లో అతను ఇంటికి ఫోన్ చేసేది రెండిటికే. వాళ్ళమ్మ మందులు అయిపోతే ఒకటి, జల్లెడ పడిపోతే ఇంకొకటి. మందులు నిన్ననే తెచ్చారు.

"అది మళ్ళీ క్రాష్ అయింది," అన్నాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నాడని గొంతే చెబుతోంది. "ఫైలు పంపించా చూడు. నీకైతే రెండు నిమిషాల పని."

"పొయ్యి మీద కుక్కరుంది, ఇంకా..."

"సర్లే, కట్టెయ్. ఇక్కడ నా ప్రాణం తీస్తున్నారు." పెట్టేశాడు.

జల్లెడంటే పిండి జల్లించేది కాదు. ఉద్యోగం చేసే రోజుల్లో ఆమె రాసిన ప్రోగ్రాము. దానికి బొమ్మల్లేవు, బటన్లు లేవు, ముఖమంటూ ఒకటి లేదు. నల్ల తెర మీద దాని పేరు, పక్కనే ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కితే కిక్కురుమనకుండా పని చేసుకుపోతుంది. వాళ్ళ ఆఫీసు పని చేసిపెట్టే ఒక ఆసుపత్రిలో నర్సులు వార్డు వార్డుకీ టైపు చేసిన రాతలన్నీ ఒక్క ఫైలుగా వచ్చి ఇందులో పడతాయి. ఏ బెడ్డుకి ఏ మందు, ఏ వేళకి, రోగి ఏమంటున్నాడు, అవన్నీ వేరుచేసి బెడ్డుకో స్లిప్పు చొప్పున మందుల గదికి పంపుతుంది. ఆ స్లిప్పు వస్తేనే మాత్ర పైకి వెళ్తుంది. ఆఫీసులో అందరూ నోరు తిరగని ఇంగ్లీషు పేర్లు వెతుక్కుంటుంటే ఆమె జల్లెడ అని పెట్టింది. నవ్వారు. కొన్నాళ్ళకి ఆమెనే జల్లెడమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. పైకి విసుక్కుంది కానీ లోపల్లోపల ముచ్చటేసింది. ఫలానావాళ్ళ కోడలు, ఫలానాయన భార్య అని కాకుండా తను చేసిన వస్తువు పేరుతో తనని పిలిచింది ఆ ఒక్కచోటే.

ఇంతలో పాప పుట్టింది. "ఇద్దరూ బ్యాగులు తగిలించుకుని బయల్దేరితే ఈ ఇల్లెవరు చూస్తారమ్మా, గోడలా?" అన్నారు అత్తగారు. అతనూ అదే ఆఫీసు. "కొన్నాళ్ళే కదా, పాప కాస్త ఎదిగేదాకా," అన్నాడు. పాప ఎదిగింది. బడికి వెళ్తోంది, పాలపళ్ళు ఊడి కొత్త పళ్ళు కూడా వచ్చేశాయి. ఆ కొన్నాళ్ళు మాత్రం ఎదుగుతూనే ఉన్నాయి.

ఆమె మానేశాక జల్లెడ అతని చేతికొచ్చింది. అతనికి చేతకాదని కాదు. ఒకరు రాసింది కుదురుగా కూర్చుని చదవాలంటే ఓపిక కావాలి, అతనికి లేనిది అదే. మొదటిసారి అది పడిపోయినప్పుడు రాత్రి భోంచేస్తూ మామూలుగా అడిగినట్టే అడిగాడు. ఆమె కంచం పక్కన పెట్టి, ఎడంచేత్తోనే సరిచేసి ఇచ్చింది. ఆ సంతోషం ఆమెకి ఇప్పటికీ గుర్తే. తర్వాత అది అలవాటైపోయింది. అతని లాగిన్, అతని పాస్‌వర్డ్ ఇంట్లో ల్యాప్‌టాప్‌లోనే ఉంటాయి. అక్కడ పడిపోయేది, ఇక్కడ లేచేది, అక్కడ అతన్ని మెచ్చుకునేవాళ్ళు. అతను తిన్న కంచం తీసుకెళ్ళి సింకులో పెట్టిన రోజున అత్తగారు వీధి వీధంతా చెప్పుకుంటారు, మావాడు ఆడదానికి ఎంత సాయం చేస్తాడో అని. ఈమె అతని ఉద్యోగం చేసిపెడితే అది సాయం కిందకి కూడా రాదు. అది రెండు నిమిషాల పని.

"ఎవరితోనూ అనకు," అని మొదట్లోనే చెప్పాడు. "రోగుల ఫైళ్ళు బయటివాళ్ళకి చూపించకూడదు. నువ్వు బయటిదానివి కాదనుకో. కానీ వాళ్ళ దృష్టిలో నువ్వు..." ఎప్పుడూ ఆమె మాటల్ని సగంలో తుంచేసే మనిషి ఆ ఒక్కసారి తన మాటే సగంలో ఆపేశాడు. వాళ్ళ దృష్టిలో తనేమిటో ఆమె అడగలేదు.

కుక్కర్ కట్టేసి, చేతులు చీరకే తుడుచుకుని, తొక్కలు పక్కకి నెట్టి గట్టు మీదే ల్యాప్‌టాప్ తెరిచింది. ఫైలు పేరు కొట్టి ఎంటర్ నొక్కింది. జల్లెడ కాసేపు నడిచి, కాసేపు మూలిగి, ఉన్నపళంగా చచ్చిపోయింది. ఏ లైనులో, ఎందుకు, ఏమీ చెప్పలేదు. పోయే ముందు ఒక్క ముక్క చెప్పి పోయేలా దీన్ని రాసుంటే బాగుండేది, అనుకుంది. మళ్ళీ రాద్దామనుకునేలోగా ఉద్యోగం మాన్పించేశారు.

ఫైలుని రెండు సగాలు చేసింది. మొదటి సగం సాఫీగా నడిచింది. రెండో సగం చచ్చింది. దాన్ని మళ్ళీ సగం చేసింది. హాల్లోంచి అత్తగారి గొంతు వినబడింది.

"ఏమ్మా, వేడినీళ్ళు అడిగి ఎంతసేపైంది? అక్కడేం చేస్తున్నావసలు?"

"వస్తున్నా అత్తయ్యా."

"వంటగదిలో కూడా ఆ పెట్టె ఏమిటో. మా రోజుల్లో వంటగదిలో వంటే చేసేవాళ్ళం."

వేడినీళ్ళు ఇచ్చి వచ్చి ఇంకో సగం చేసింది. గోడ గడియారం వైపు చూసింది. మధ్యాహ్నం మందులు వేసే వేళ కావస్తోంది. ఫోన్‌లో భర్త మెసేజ్: అయిందా?

దొరికింది. నాలుగో వార్డు, పన్నెండో బెడ్డు.

ఆ ఆసుపత్రి నర్సులకి ఒక పద్ధతుంది. రోగి చెప్పిన మాటని తమ మాటల్లోకి మార్చకుండా, చెప్పింది చెప్పినట్టు కొటేషన్ గుర్తుల మధ్య రాస్తారు. మాటన్నాక అందులో కామాలుంటాయి, మధ్యలో నర్సు ఎంటర్ కొడుతుంది, లైను మారుతుంది. అందుకని జల్లెడకి ఆమే నేర్పింది, కొటేషన్ తెరిచాక అది మూసేదాకా ఆగు, లైను మారినంత మాత్రాన మనిషి మాట అయిపోయిందనుకోకు అని. ఈ పన్నెండో బెడ్డు దగ్గర కొటేషన్ తెరిచారు, మూయలేదు. ఆగమన్నారు కాబట్టి జల్లెడ ఆగింది. పదమూడో బెడ్డు మందూ, ఐదో వార్డు మందులూ, ఆ తర్వాతివన్నీ కూడా ఆ మనిషి చెబుతున్న మాటలే అనుకుని ఒక్క నోట్లోనే కుక్కుకుంటూ పోయింది. పట్టక పడిపోయింది.

తేలికే. ఒక్క గుర్తు పెడితే చాలు. ఒక్క కీ నొక్కితే అన్ని స్లిప్పులూ గలగలా వెళ్ళిపోతాయి. ఇంతకుముందు కూడా ఇలాంటివి సరిచేసింది, అప్పుడు మూయడం మరిచిపోయినవన్నీ కలుపు పీకినంత సులువుగా పోయాయి. వేలు కీ మీద పెట్టి, ఎక్కడ మూయాలా అని ఆ లైను చదివింది.

"పొద్దున ఆ తెల్ల మాత్ర వేసుకున్న కాణ్ణుంచి నాలుక మందమైపోయింది, గొంతు పట్టేసినట్టుంది, గాలి ఆడట్లేదమ్మా, ఇందాక ఆయనకి చెబితే ఏం కాదులే అన్నాడు, నువ్వైనా

అక్కడితో ఆగిపోయింది. రాస్తున్న నర్సుని ఎవరో పిలిచి ఉంటారు. నువ్వైనా తర్వాత ఆ మనిషి ఏమందో ఎవరికీ తెలీదు. వయసు గడిలో చూస్తే తన వయసే. మందు గడిలో అదే తెల్ల మాత్ర, మధ్యాహ్నం వేళకి మళ్ళీ ఒకటి.

ఆమె చెయ్యి కీ మీంచి దానంతటదే వెనక్కొచ్చింది. ఇప్పుడు కొటేషన్ మూస్తే ఈ మాట స్లిప్పు అడుగున చీమ కాళ్ళంత అక్షరాల్లో పడుతుంది. మందుల గదిలో వాళ్ళు పైన మందు పేరు చూస్తారు, అడుగున ఉన్నది చదవరు. వాళ్ళకి చదివే పని లేదు. మాత్ర పైకి వెళ్ళిపోతుంది. గొంతు పట్టేసిన మనిషి చేతిలో గ్లాసుడు నీళ్ళు పెట్టి వేసుకోమంటారు. వేసుకుంటుంది. పెద్దవాళ్ళు వేసుకోమన్నారు కదా అని తను మాత్రం ఏమేం మింగలేదు ఇన్నాళ్ళూ.

ఆ స్లిప్పు ఒక్కటీ ఆపి ఊరుకున్నా, ఊపిరాడని మనిషిని వెళ్ళి చూడాలని ఎవరికీ తెలీదు. భర్తకి ఫోన్ చేసింది. రెండోసారికి ఎత్తాడు.

"అయిందా?"

"విను, పన్నెండో బెడ్డులో ఒకావిడకి..."

"ఎన్నో బెడ్డయితే ఏంటి, ఆ లైను తీసి పారెయ్. ఒక్క లైను పోతే కొంపలేం మునగవు."

"తీసెయ్యడం కాదు. ఆవిడ ఏమందో..."

"సర్లే సర్లే, అర్థమైంది. నోట్ కత్తిరించెయ్, మందు పేరుంటే చాలు వాళ్ళకి. నేను మీటింగ్‌లో ఉన్నా." పెట్టేశాడు.

మళ్ళీ చేసింది. కట్ చేశాడు. మళ్ళీ చేసింది. కట్ చేశాడు. అప్పుడిక మెసేజ్ కొట్టింది. పన్నెండో బెడ్డు ఆవిడకి ఆ మాత్ర పడట్లేదు, నాలుక వాచింది, ఊపిరాడట్లేదంటోంది, మధ్యాహ్నం మాత్ర ఆపమని వెంటనే వాళ్ళకి చెప్పు, అది చెప్పాకే నేను మిగతాది సరిచేస్తాను. ఎంత స్పష్టంగా రాయగలదో అంత స్పష్టంగా రాసింది. పంపిన మరుక్షణమే జవాబొచ్చింది. పైకెత్తిన బొటనవేలి బొమ్మ.

అంత మెసేజ్ అంతలో చదవడం ఎవరి తరమూ కాదు. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి. ఇది ఈ రోజు కొత్తగా వచ్చిన మంట కాదు. మళ్ళీ ఉద్యోగంలో చేరదామనుకుంటున్నాను అని ఎన్నిసార్లు మొదలుపెట్టిందో, అనుకుంటున్నాను దాకా ఒక్కసారైనా వచ్చిందా? సర్లే చూద్దాం. పంటి నొప్పి గురించి చెప్పబోతే సర్లే, మాత్ర వేసుకో. వాళ్ళ అన్నయ్య మాట్లాడిన తీరు గురించి చెప్పబోతే సర్లే, వాడంతే. ఆమె మాట మొదలెట్టగానే అతనికి చివర తెలిసిపోతుంది. అతనికి తెలిసిన ఆ చివర ఏనాడూ ఆమె చెప్పబోయింది కాదు. అయినా ఇన్నేళ్ళూ ఆమే సర్దుకుని, అక్కడికక్కడే మాట మూసేసుకుని, పోనీలే అని పొయ్యి దగ్గరికి వచ్చేసింది.

ఆసుపత్రికి ఫోన్ చేస్తే? చేసింది. మోగి మోగి ఎవరో ఎత్తి, లైన్లో ఉండండి అని ఒక పాట పెట్టారు. ఆ పాట అయ్యేదాకా ఆగితే ఇంకేముంది.

ల్యాప్‌టాప్ తెర మీద మూలగా అతని క్యాలెండర్ కనబడుతోంది. ఇప్పుడు జరుగుతున్న మీటింగ్ పచ్చగా వెలుగుతోంది. అతని లాగినే కాబట్టి లోపలికి వెళ్ళడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వెళ్తే ఏమవుతుందో ఆమెకి బాగా తెలుసు. రోగుల ఫైళ్ళు ఇంటికి పంపిస్తున్నాడని తెలిస్తే అతని ఉద్యోగం పోవచ్చు. ఉద్యోగం పోతే ఈ ఇంట్లో తన బతుకు ఎలా ఉంటుందో ఒక్క క్షణం కళ్ళ ముందు కదిలింది. అత్తగారి ముఖం, పాప ఫీజు, నీ వల్లే అనే మాట జీవితాంతం.

"ఏమ్మా," హాల్లోంచి మళ్ళీ, "అన్నం సంగతేమైనా ఉందా ఈపూట?"

ఆమె వేలితో పచ్చ గుర్తు నొక్కింది.

తెర నిండా ముఖాలు. మధ్యలో పెద్దాయన, ఆఫీసుకి అందరికన్నా పైనున్న మనిషి. తను పనిచేసే రోజులకి ఇప్పటికి జుట్టు పలచబడింది. ఒక గడిలో తెల్ల బట్టల్లో ఆసుపత్రి హెడ్ నర్సు, చిరాకుగా ఉన్నారు. ఇంకో గడిలో భర్త, ఇస్త్రీ నలగని చొక్కా, ముఖంలో ఎక్కడా తొందర లేదు.

"ఒక్క రెండు నిమిషాలు సార్," అంటున్నాడు. "నేను చూస్తూనే ఉన్నా. దాదాపు అయిపోయింది."

"రెండు నిమిషాలని గంట నుంచీ అంటున్నారు," అన్నారు హెడ్ నర్సు. "మధ్యాహ్నం మందుల వేళ దాటిపోతోంది. ఒక్క స్లిప్పు రాలేదు నాకు."

ఆమె నోరు విప్పింది. మాట్లాడింది, ఎవరి ముఖమూ కదల్లేదు. అప్పుడు చూసుకుంది, మైకు ఆపేసి ఉంది. నొక్కింది.

"అమ్మా, హెడ్ నర్సుగారూ. నాలుగో వార్డు పన్నెండో బెడ్డు ఆవిడకి మధ్యాహ్నం మాత్ర వెయ్యకండి."

ముఖాలన్నీ ఒక్కసారి కదిలాయి. ఎవరి గడి వెలుగుతోందో అని వెతుకుతున్నారు. వెలుగుతున్నది భర్త పేరే. పేరు ఒకటి, గడులు రెండు.

"ఎవరండీ మాట్లాడేది?" అన్నాడు పెద్దాయన.

భర్త ముఖంలో రంగు మారింది. అయినా తడుముకోలేదు, అందులో అతను ఘటికుడే. "సారీ సార్. ఇంట్లో మా పాప ఏదో నొక్కేసినట్టుంది. తీసేస్తున్నా."

"పాప బళ్ళో ఉంది," అంది ఆమె. "పన్నెండో బెడ్డు ఆవిడ పొద్దున ఆ తెల్ల మాత్ర వేసుకున్నాక నాలుక మందమైందనీ, గొంతు పట్టేసిందనీ, గాలి ఆడట్లేదనీ నర్సుకి చెప్పింది. నర్సు రాస్తూ రాస్తూ మధ్యలో ఆపేసింది. అందుకే ప్రోగ్రాము ఆగింది. అదే మాత్ర ఇప్పుడు మళ్ళీ వెయ్యాలని ఉంది. దయచేసి ముందెవరైనా వెళ్ళి ఆవిడని చూడండి."

హెడ్ నర్సు అప్పటికే కుర్చీలోంచి లేచారు. "ఆ రాసిన అమ్మాయి డ్యూటీ దిగి వెళ్ళిపోయింది," అంటున్న మాట దూరంగా వినబడింది. గడిలో ఖాళీ కుర్చీ మిగిలింది.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఫోన్ గట్టు మీద గిజగిజలాడింది. భర్త. ఏం చేస్తున్నావ్ నువ్వు. ఇంకోటి. బయటికి వెళ్ళిపో. ఇంకోటి. ప్లీజ్. ఇప్పుడు మెసేజ్‌లు రాయడానికి తీరిక దొరికింది అతనికి. ఆమె ఫోన్ చేతిలోకి తీసుకుని, ఒక్క క్షణం ఆలోచించి, పైకెత్తిన బొటనవేలి బొమ్మ ఒకటి పంపించింది.

ఖాళీ కుర్చీ వైపే చూస్తూ కూర్చుంది. తను తప్పు చదివిందేమో. ఆవిడ ఊరికే కంగారుపడి ఉంటుందేమో, ఆయనెవరో ఏం కాదులే అన్నాడు కదా. హాల్లో టీవీలో ఎవరో పగలబడి నవ్వుతున్నారు. నీళ్ళు తాగుదామన్నా లేవబుద్ధి కాలేదు.

హెడ్ నర్సు వచ్చి కుర్చీలో కూలబడ్డారు. వగరుస్తున్నారు. "పెదాలు వాచిపోయి ఉన్నాయి. మాట కూడా రావట్లేదిప్పుడు. డాక్టరుగారు వచ్చారు, ఇంజెక్షన్ ఇస్తున్నారు. పరవాలేదన్నారు." కాస్త ఊపిరి తీసుకుని, "స్లిప్పు రాలేదని ఇందాకటి నుంచీ మిమ్మల్నందర్నీ తిడుతున్నా. వచ్చుంటే ఈపాటికి వేసేసేవాళ్ళం," అన్నారు.

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోలేదు, కెమెరా ఎలాగూ ఆపేసే ఉంది. ఆ బెడ్డుని పక్కకి తీసి మిగతా అందరి స్లిప్పులూ పంపించింది. నిజంగానే రెండు నిమిషాలు పట్టలేదు. హెడ్ నర్సు వెనక ఎక్కడో ప్రింటర్ మొదలైన చప్పుడు అందరికీ వినబడింది.

"అమ్మా," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "మీరు... మన జల్లెడమ్మ కదూ?"

"అవునండీ."

"మరి ఇన్నాళ్ళూ ఇది చూస్తున్నది..." అని భర్త గడి వైపు చూశాడు.

"నేనేనండీ," అంది ఆమె. "మానేసినప్పటి నుంచీ."

పెద్దాయన ముందున్న కాగితం మీద ఏదో రాసుకున్నాడు. తర్వాత, రేపు పొద్దున ఇద్దరూ ఆఫీసుకి రండి, అన్నాడు. మెచ్చుకున్నట్టూ లేదు, తిట్టినట్టూ లేదు ఆ గొంతు.

మీటింగ్ అయిపోయాక ఆ లాగిన్ ఎప్పుడు మూసేస్తారో తెలీదు కాబట్టి ఆమె ఇంకొక్క పని చేసింది. జల్లెడకి నాలుగు లైన్లు కొత్తగా రాసింది. ఇకమీదట ఎవరి కొటేషనైనా మూయకుండా ఉంటే అది ఉలుకూపలుకూ లేకుండా చచ్చిపోదు. ఆ బెడ్డు వరకూ పక్కన ఆపి, మిగతావాళ్ళవి పంపించి, తెర మీద పెద్ద అక్షరాల్లో రాస్తుంది. ఈ మనిషి మాట పూర్తి కాలేదు. మందు పంపకండి. వెళ్ళి అడగండి. అడుగున రాసినవాళ్ళ పేరు దగ్గర, ఇన్నేళ్ళూ అతని పేరు దానంతటదే పడే చోట, తన పేరు కొట్టింది. తర్వాత చల్లారిన కాఫీ వేడిచేసుకుని నిలబడే తాగింది. మిగిలిన బఠాణీలు కూడా ఒలిచింది.

సాయంత్రం అతను రోజూకన్నా ముందే వచ్చాడు. బూట్లు విప్పి, హాల్లో వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాడు. పాప లోపలి గదిలో బొమ్మ గీసుకుంటోంది. ఆమె మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. వాళ్ళిద్దరూ ఒకప్పుడు పక్కపక్క బల్లల మీద పనిచేసినవాళ్ళు, ఒకరినొకరు నువ్వు అనే పిలుచుకుంటారు. అత్తగారి ముందు మాత్రం పెళ్ళైన మర్నాటి నుంచీ అతన్ని మీరు అంటుంది. అలా అనాలని ఎవరూ చెప్పలేదు, చెప్పకుండానే తెలిసింది.

"నా పరువు గంగలో కలిపావు," అన్నాడు. అరవలేదు. "అంతమంది ముందు. ఒక్క మాట ముందు నాకు చెప్పొచ్చు కదా?"

ఆమె ఫోన్ తీసి, ఆ మెసేజూ దాని కింద బొటనవేలూ తెరిచి, అతని ముందు బల్ల మీద పెట్టింది. చూశాడు. చూపు తిప్పుకున్నాడు.

"సర్లే, అయ్యిందేదో అయ్యింది. రేపు పెద్దాయన అడిగితే ఏం చెప్పాలో విను. నువ్వు ఈ ఒక్కసారే చూశావు. నాకు తెలీకుండా, ఊరికే పాత సరదా కొద్దీ తెరిచావు. అంతే. అప్పుడు నా ఉద్యోగానికి ఢోకా ఉండదు."

"ఈ ఒక్కసారే కాదు కదండీ," అంది.

అత్తగారు టీవీ గొంతు తగ్గించారు.

"అది మనకి తెలుసు. వాళ్ళకెందుకు? ఇంటి సంగతి బజార్లో పెట్టుకుంటామా?"

"రేపు నేను వస్తాను. వచ్చి, ఇన్నాళ్ళూ చేసింది నేనని చెప్పి, నా ఉద్యోగం నాకు..."

"సర్లే, వస్తే చాలు. నువ్వేం మాట్లాడక్కర్లేదు, నేను చూసుకుంటా." లేచాడు. భుజం మీద తువ్వాలు వేసుకున్నాడు. ఎప్పుడూ ఇక్కడితోనే అయిపోతుంది. తువ్వాలు భుజం మీద పడిందంటే ఆ ఇంట్లో ఆ పూటకి మాటలు అయిపోయినట్టే.

"పోనీలేమ్మా," అన్నారు అత్తగారు. "అలిసిపోయి వచ్చాడు. అవన్నీ తర్వాత మాట్లాడుకోవచ్చు."

నువ్వైనా, అని ఆగిపోయిన ఆ మనిషి గుర్తొచ్చింది ఆమెకి. ఇప్పుడు ఏ బెడ్డు మీదో మెల్లగా ఊపిరి తీసుకుంటూ ఉంటుంది. వాపు తగ్గాక మిగతాది కూడా చెబుతుంది, ఈసారి అడిగేవాళ్ళున్నారు. గొంతు పెంచలేదు ఆమె, చేతులు కట్టుకోలేదు. బాత్రూము వైపు నడుస్తున్న అతని వీపుని చూస్తూ, అత్తగారి ముందే, మామూలుగా అంది:

"నా మాట ఇంకా అవలేదు. వచ్చి కూర్చో."